బంతులు విసిరే మెషిన్ కొన్నాక మా అమ్మాయి ఆట పాడైంది

2025 మే నెలలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ చాంపియన్‌షిప్ మా దోహాలోనే జరిగింది. ఒక శుక్రవారం మా అమ్మాయిని తీసుకుని మెట్రో రెడ్ లైన్‌లో లుసైల్ ఎరీనాకు వెళ్లాను. దానికి పదకొండేళ్లు. హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ కూడా ఆ పోటీలకు వచ్చిందని దానికి ఒకటే సంబరం. శ్రీజ 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. పారిస్ ఒలింపిక్స్‌లో తన 26వ పుట్టినరోజున ప్రిక్వార్టర్స్‌కు చేరింది. ఇవన్నీ మెట్రోలో నాకు మా అమ్మాయి చెప్పిన సంగతులే.

తిరిగొచ్చాక "నాన్నా, నా ఫోర్‌హ్యాండ్ అలా ఎందుకు రావట్లేదు?" అని అడిగింది. సగటు గల్ఫ్ తండ్రిలాగే ఆలోచించాను. సమయం ఇవ్వలేనప్పుడు వస్తువు కొనిస్తాం కదా! నెల అద్దెలో సగం పోసి బంతులు విసిరే మెషిన్ తెప్పించాను. మా కాంపౌండ్ హాల్లో బల్ల ఎలాగూ ఉంది. జూన్ నుంచి ఎండలకు పిల్లలు బయటికి వెళ్లలేరు. రోజూ గంటసేపు అది విసరడం, ఇది కొట్టడం. వందకు తొంభై బంతులు బల్ల మీదే పడుతుంటే వీడియోలు తీసి విజయవాడలో ఉన్న అమ్మమ్మకు పంపాను.

సెలవులయ్యాక పిల్లల పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. ఓడినందుకు కాదు, ఓడిన తీరుకు బాధేసింది. బంతి జానెడు పక్కకు పడితే చాలు, కాళ్లు కదపకుండా చెయ్యి మాత్రం చాచేది. అవతలి అమ్మాయి కట్ చేసిన ప్రతి బంతీ నెట్‌లోకే. ఇంటికొచ్చి భుజం పట్టుకుని కూర్చుంది. "నేను మానేస్తాను నాన్నా" అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మా కాంపౌండ్‌లోనే విజయవాడ పెద్దాయన ఒకరు ఉన్నారు. వయసులో బాగా ఆడినవారు. ఆయన్ని బతిమాలి హాలుకు తీసుకొచ్చాను. పది నిమిషాలు చూసి మెషిన్ ఆపేశారు. "బాబూ, ఇది తప్పు విసరదు. ఒకే చోటికి, ఒకే వేగంతో, ఒకే స్పిన్‌తో వేస్తుంది. నీ కూతురు బంతిని చూడటం మానేసింది. నడుము తిప్పకుండా భుజంతో లాగుతోంది. ఆ తప్పునే నువ్వు రోజుకు గంటసేపు సాధన చేయించావు" అన్నారు. మొదట భుజం నొప్పి తగ్గేదాకా బ్యాట్ ముట్టుకోవద్దన్నారు.

తర్వాత ఆయన తెచ్చిన సామగ్రి చూసి మా ఆవిడ నవ్వింది. ఒక పాత సైకిల్ చక్రం, ఒక చేతి తువ్వాలు. చక్రాన్ని స్టాండుకు బిగించి టైరును రబ్బరుతో కింది నుంచి పైకి, కాస్త ముందుకు ఒరుసుకుంటూ పొమ్మన్నారు. గుద్దితే చక్రం కదిలీ కదలనట్టు ఆగిపోతుంది, సరిగ్గా ఒరిస్తే గిర్రున తిరుగుతుంది. టాప్‌స్పిన్ అంటే ఏమిటో మాటల్లో చెప్పలేనిది ఆ చక్రం రెండు రోజుల్లో చెప్పింది. తువ్వాలు చంకలో పెట్టుకుని బంతి లేకుండా అద్దం ముందు మెల్లగా స్ట్రోక్ వేయాలి. మోచెయ్యి పైకి ఎగిరితే తువ్వాలు కింద పడుతుంది. కుడిచేతి వాటం కాబట్టి కుడికాలు కొంచెం వెనక, బరువు కుడికాలి మీద నుంచి ఎడమకాలికి మారాలి, ముందు నడుము, ఆ వెనకే చెయ్యి. "తువ్వాలు పది రోజులే తల్లీ, తర్వాత తీసెయ్. లేకపోతే చెయ్యి బిగుసుకుపోతుంది" అని దానికి గట్టిగా చెప్పారు. సాయం చేసే వస్తువును ఎప్పుడు పక్కన పెట్టాలో మాకు ముందే చెప్పినవారు ఆయనొక్కరే. మెషిన్ డబ్బాలో ఆ మాట లేదు.

అన్నిటికంటే కష్టమైన పని నాకు అప్పగించారు. బుట్టెడు బంతులు పక్కన పెట్టుకుని నేనే ఒక్కొక్కటీ వేయాలి. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, ఒకటి కట్‌తో, మరొకటి ఒంటి మీదికి. అంతా కలిపి రెండు మీటర్ల డెబ్బై నాలుగు సెంటీమీటర్ల బల్ల. దాని అవతల నిలబడి రోజూ అరగంట బంతులు వేస్తే నడుం పడిపోతుందని నాకు తెలియదు. ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్ పట్టుకుని సోఫాలో పడే అలవాటు అలా పోయింది. మొదటి వారం వందలో ముప్పై కూడా బల్ల మీద పడలేదు. ఈసారి వీడియోలు తీయలేదు, అమ్మమ్మ అడిగినా పంపలేదు.

ఇప్పుడు ఫోర్‌హ్యాండ్ పూర్తిగా కుదిరిందని చెప్పను. కట్ బంతి వేగంగా వస్తే ఇంకా తడబడుతుంది. కానీ బంతి రాకముందే కాళ్లు కదులుతున్నాయి. కదిలిన తర్వాత మళ్లీ మధ్యకు వస్తోంది. భుజం నొప్పి మాట ఎత్తడం లేదు. మొన్నటి పోటీలో రెండో రౌండ్‌లో ఓడింది. బయటికి రాగానే "నాన్నా, రేపు కట్ ఎక్కువ వెయ్యి" అంది.

మెషిన్ అమ్మేద్దామని ఫొటో తీసి కాంపౌండ్ వాట్సాప్ గ్రూపులో పెట్టబోతే అదే వద్దంది. శనివారాలు నాకు డ్యూటీ పడితే పావుగంట వార్మప్‌కు వాడుకుంటుందట. బంతులు అటూ ఇటూ మార్చి వేసే మీట దానికి మొదటి నుంచీ ఉంది, మేమే ఎప్పుడూ నొక్కలేదు.