పేరు లేని జెముడుకు పేరేమిటి?

నర్సరీలో కుండీకి ధర చీటీ ఉంటుంది, పేరు ఉండదు. అడిగితే ‘కాక్టస్సేనండీ, నీళ్లు తక్కువ పోయండి చాలు’ అంటారు. అనకాపల్లి మేడల మీద, కాంపౌండ్ గోడల పక్కన నిటారుగా ఎదిగిన పచ్చటి కాండాలకు యజమానులు చెప్పే పేరూ అదే. వాటిలో కొన్ని అసలు కాక్టస్‌లే కావు. ఏది ఏమిటో తేల్చడం మాత్రం మరీ కష్టమేమీ కాదు.

ముందు ముల్లు చూడండి

కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అమెరికా ఖండాలది. ఒక్క రిప్సాలిస్ బాక్సిఫెరా మాత్రమే ఆఫ్రికాలో, శ్రీలంకలో కూడా సహజంగా పెరుగుతుంది. మన గుట్టల మీద, పొలం కంచెల్లో కనిపించే బొంతజెముడు కాక్టస్ కాదు, యుఫోర్బియా యాంటీకోరమ్. 1753లో లినేయస్ పెట్టిన పేరిది. ఆముదానికీ, కర్రపెండలానికీ ఇది చుట్టం. మన నాగజెముడు మాత్రం అసలు సిసలు కాక్టస్, అమెరికా నుంచి వచ్చి కంచెలు దాటి పొలాలను ఆక్రమించింది. 1926లో శ్రీలంక నుంచి ఒక పిండిపురుగును తెప్పించి వదిలాక గానీ దాని జోరు తగ్గలేదు.

తేడా ముల్లు మొదట్లో ఉంది. కాక్టస్‌కు కాండం గట్టు మీద వరసగా మెత్తటి నూగు దిండ్లు ఉంటాయి. ముళ్లు గుత్తిగా వాటిలోంచే వస్తాయి, పువ్వూ అక్కడే పూస్తుంది. బొంతజెముడుకు ఆ దిండు ఉండదు, ముళ్లు జంటలుగా నేరుగా కాండం అంచు నుంచి పొడుచుకొస్తాయి. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. అయితే పరీక్ష కోసం గిల్లొద్దు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

పువ్వు దాకా ఆగాలి

దిండు కనబడితే సగం పని అయినట్టే. తోటల్లో నిలువునా ఎదిగే కాక్టస్ చాలాసార్లు సీరియస్ ప్రజాతిదే అవుతుంది. దక్షిణ అమెరికాకు చెందిన సీరియస్ హిల్డ్‌మానియానస్‌ను మార్కెట్‌లో ఏళ్ల తరబడి ‘పెరూవియానస్’ అనే అమ్ముతున్నారు. గట్లు లెక్కపెట్టడం మంచిదే గానీ అదొక్కటే చాలదు, ఒకే మొక్కలో లేత కొమ్మకూ ముదురు కొమ్మకూ లెక్క మారుతుంది.

అసలు సాక్ష్యం పువ్వు. సీరియస్ తెల్లటి పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారాక వాడిపోతుంది. పువ్వు గొట్టం నున్నగా ఉంటే సీరియస్, ఒత్తుగా వెంట్రుకలుంటే ట్రైకోసీరియస్ వైపు చూడాలి. సీరియస్ కాయ కొసన ఎండిన కీలం నల్లగా అంటిపెట్టుకుని ఉంటుంది. మూడు పలకల సన్నటి పచ్చ కాండం మీద ఎర్రటి, పసుపుపచ్చని బంతి కూర్చుని ఉంటే అది ఒక మొక్క కాదు, అంటుకట్టిన రెండు. కింది కాండం సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతిది.

తొందరపడి పేరు పెట్టకండి

మొక్క మొత్తాన్నీ, ముళ్ల దిండునూ, పువ్వును పక్క నుంచీ, కాయనూ విడివిడిగా ఫొటోలు తీయండి. గట్ల సంఖ్య, పూసిన తేదీ, ఎక్కడ కొన్నారో రాసిపెట్టుకోండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం ఉంది, హైదరాబాద్‌లో భారత వృక్ష సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ వివరాలతో అడిగితే నిపుణులకు పని తేలికవుతుంది. పువ్వు పూసేదాకా కుండీకి ‘సీరియస్ కావచ్చు, జాతి తేలలేదు’ అని చీటీ కట్టండి. తప్పు పేరు కంటే సగం పేరే మేలు.