రాతి కంచం... తోలు దీపం!

యాత్రకు వెళ్లొస్తే ఫొటోలు ఫోనులో మిగిలిపోతాయి. ప్రసాదం పంచిపెడితే అయిపోతుంది. అదే ఓ రోలో, పెనమో, దీపమో తెచ్చుకుంటే... ఆ ఊరు రోజూ మన ఇంట్లోనే ఉంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఒకే రైలు మార్గం మీద ఉన్న ఈ మూడు ఊళ్లనీ ఇంటి సామాను కోసం చుట్టి వస్తే ఎలా ఉంటుంది?

లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లినవాళ్లు వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డముక్క లాగి చూస్తారు. ఊరి మొదట్లో ఉన్న ఏకశిలా నందిని చూసి నోరెళ్లబెడతారు. కానీ ప్రాంగణంలో నేలమీద ఉన్న కంచాలను చాలామంది దాటుకుంటూ వెళ్లిపోతారు. అవును, కంచాలే! బండరాతిలోనే గుండ్రంగా తొలిచి, కూరకో గుంట, పచ్చడికో గుంట అన్నట్టు చుట్టూ చిన్న చిన్న గళ్లు చెక్కారు. గుడి కట్టిన శిల్పులు వాటిల్లోనే భోంచేసేవారని స్థానికులు చెబుతారు. కాదు, చిత్రకారులు రంగులు కలుపుకోవడానికి చేసుకున్నవని మరికొందరు అంటారు. ఏదైనా కానీ, నేటి హోటళ్లలో కనిపించే గళ్ల స్టీలు కంచానికి 16వ శతాబ్దపు తాత లేపాక్షిలో ఉన్నాడన్నమాట!

అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ గుడి కట్టించారు. ఆ స్తంభాల మీది లతలూ, పైకప్పు బొమ్మల్లోని చీరల అంచులూ తర్వాత ఎన్నో మగ్గాలెక్కాయి. ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ తన దుకాణాలకు పెట్టుకున్న పేరు కూడా 'లేపాక్షి'యే. ఏ నగరంలో ఆ బోర్డు కనిపించినా దాని మూలం హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఈ చిన్న ఊరే. అందుకే ఇంటి సామాను యాత్రకు తొలి మజిలీ ఇక్కడే!

హిందూపురం అంగడి వీధుల్లో...

హిందూపురం అంటే చింతపండు, బెల్లం, ఎండుమిర్చి, పట్టుగూళ్లు. కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న ఊరు కాబట్టి అంగళ్లలో తెలుగూ కన్నడమూ కలిసే వినిపిస్తాయి. తిండీ అంతే. ఓ ఇంట్లో సంగటి అన్నది పక్కింట్లో ముద్ద. ఓ ఇంట్లో ఓళిగ, ఇంకో ఇంట్లో ఒబ్బట్టు.

పాత్రల అంగళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. అయితే ఎక్కడైనా దొరికే నాన్‌స్టిక్ పెనమో, ప్లాస్టిక్ డబ్బాల సెట్టో కొనడానికి ఇంతదూరం రానక్కర్లేదు. ఇక్కడి వంటకు పుట్టిన సామాను అడగాలి. రాగి సంగటి సంగతే చూడండి. ఉడుకుతున్న అన్నంలో రాగిపిండి పోసి, ఉండ కట్టకుండా బలంగా కెలకాలి. మామూలు గరిటె పెడితే వంగిపోతుంది. అందుకే పొడవాటి కర్ర తెడ్డు. పట్టు దొరికేలా పిడి, అడుగుదాకా వెళ్లే పొడవు ఉంటేనే అది సంగటి తెడ్డు. ఖరీదు తక్కువ, ఆయుష్షు ఎక్కువ.

తర్వాత గుంత పొంగణాల పెనం. ఇనుముతో పోతపోసిన మందపాటి పెనమైతే వేడిని పట్టి ఉంచుతుంది. పైన కరకర, లోపల మెత్తన. కొత్తది కొనగానే పొంగణాలు పోస్తే అంటుకుపోతాయి. ముందు బాగా తోమి, తడి లేకుండా ఆరబెట్టి, నూనె రాసి సన్నటి సెగమీద కాచాలి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే నూనె పలచటి పొరలా ఇనుముకు పట్టేస్తుంది. ఆ పైన పెనం మాట వింటుంది!

ఇక రోలు. వేరుశనగ గింజలు, ఎండుమిర్చి, చింతపండు దంచి చేసే ఊరుబిండి సీమ ఇళ్లలో సంగటికి తోడు. మిక్సీ బ్లేడు గింజను కోస్తుంది. రోకలి నలగ్గొడుతుంది. నలిగినప్పుడు గింజలోని నూనె మెల్లగా బయటికొచ్చి కారంతో కలుస్తుంది. బ్లేడు వేడికి పచ్చడి కమిలే భయమూ ఉండదు. ఆ తేడా నాలుకకు తెలుస్తుంది. కొత్త రోలును కడిగి, గుప్పెడు బియ్యమూ రాళ్ల ఉప్పూ వేసి నూరాలి. పిండిలో ఇసుక తగలనంతవరకూ ఇలా మళ్లీ మళ్లీ చేశాకే పచ్చడికి వాడాలి. అడుగు సమంగా కూర్చుంటుందో లేదో, గుంటలో పగులు గానీ సిమెంటు అతుకు గానీ ఉందేమో కొనేటప్పుడే చూసుకోవాలి.

కళాయి కథ

ఇత్తడి గిన్నెలు మళ్లీ వంటింటికి వస్తున్నాయి. కొందరు వండటానికి కొంటున్నారు. చాలామంది అల్మారాలో పెట్టుకోవడానికే. వండేవాళ్లు మాత్రం ఒక విషయం మరచిపోకూడదు. ఇత్తడిలో రాగి ఉంటుంది. చింతపండు పులుసు తగిలితే ఆ రాగి కరిగి కిలుము పడుతుంది. పులుసు లేనిదే పూట గడవని ప్రాంతంలో మరి ఇత్తడిలో ఎలా వండారు?

దానికి జవాబు కళాయి. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క రాస్తారు. కరిగిన తగరాన్ని దూదితో చకచకా గిన్నె లోపలంతా తిప్పుతారు. గుప్పుమని తెల్లటి పొగ లేస్తుంది. పొగ తగ్గేసరికి పసుపుపచ్చ గిన్నె వెండిలా మెరుస్తుంది. పులుపుకీ రాగికీ మధ్య ఆ తగరం పొరే అడ్డుగోడ. వాడేకొద్దీ అది అరిగిపోతుంది. మళ్లీ వేయించాలి.

ఒకప్పుడు 'కళాయీ...' అని కేకేస్తూ వీధుల్లో తిరిగినవాళ్లు స్టీలు రాకతో తగ్గిపోయారు. కాబట్టి ఇత్తడి గిన్నె కొనేముందు అంగట్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు... 'కళాయి ఎక్కడ వేస్తారు?' అన్నది. ఆ ప్రశ్న పదిమంది అడిగితే ఓ కళాయివాడి కొలిమి ఆరకుండా ఉంటుంది. కళాయి దొరకని ఊళ్లో ఉండేవాళ్లు వంటకు ఇత్తడి జోలికి పోకుండా, తినడానికి కంచు కంచం కొనుక్కోవడం మేలు. అసలు కంచం అన్న మాటే కంచు నుంచి వచ్చిందంటారు.

పెళ్లిళ్ల కాలంలో ఈ అంగళ్లకు మరో కళ. సారె సామాను కొన్నాక గిన్నె అంచున ఇచ్చేవారి పేరూ, పుచ్చుకునేవారి పేరూ, తేదీ చెక్కిస్తారు. ముప్పయ్యేళ్ల తర్వాత ఆ గిన్నె తోముతున్నప్పుడు ఇంటి చరిత్ర వేలికి తగులుతుంది. ఆన్‌లైన్లో కొన్న గిన్నెకు ఆ భాగ్యం ఏదీ?

పెనుకొండలో కొరియా రాచ్చిప్ప

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపి నుంచి పెనుకొండకు తరలింది. కొండమీది కోట, ఊళ్లోని గగన్‌మహల్, బాబయ్య దర్గా ఈ ఊరి పాత ఆనవాళ్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరుకు పరుగెత్తే కార్లు మాత్రం సాధారణంగా ఇక్కడ ఆగవు.

ఊరికి దగ్గర్లోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక ఈ చుట్టుపక్కలకి కొరియా వాళ్ల రాకపోకలు పెరిగాయి. వాళ్లకూ మనకూ వంటింట్లో ఓ చుట్టరికం ఉంది. కొరియావాళ్లు 'దోల్‌సోత్' అనే రాతి గిన్నెను కాల్చి అందులో అన్నం, కూరలు వడ్డిస్తారు. తింటున్నంతసేపూ అది చుయ్‌మంటూనే ఉంటుంది. మన రాచ్చిప్ప చేసేదీ అదే పని. రాయి ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. అందుకే పొయ్యి మీంచి దించాక కూడా పులుసు కుతకుతలాడుతుంది. పైగా రాయికి పులుపుతో పేచీ లేదు, కళాయి అక్కర్లేదు.

రాచ్చిప్ప ఎక్కడ దొరికినా వదలొద్దు. కాకపోతే కొత్తదాన్ని నేరుగా మంటమీద పెడితే పగులుతుంది. నూనె, పసుపు రాసి కొన్నాళ్లుంచి, గంజి పోస్తూ నెమ్మదిగా వేడికి అలవాటు చేయాలి. వేడి చిప్పలో చన్నీళ్లు పోయకూడదు. కోడలిని చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని పెద్దవాళ్లు ఊరికే అనలేదు!

తెర వెనక దీపం... బొమ్మ లోపలికొచ్చింది

ధర్మవరం అనగానే పట్టుచీర. పెళ్లి బట్టల కోసం ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. చీరలు కొని, కారు డిక్కీ నింపుకుని వెనుదిరుగుతాయి. ఇదే మండలంలోని నిమ్మలకుంట దాకా వెళ్లేవాళ్లు మాత్రం కొందరే. ఈ యాత్రలో చివరిదీ, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఆ మజిలీయే.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. తరాల కిందట మరాఠా ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలివి. ఇంట్లో మరాఠీ యాస, తెర ముందు చక్కటి తెలుగు. తెల్లటి తెర కట్టి, వెనక ఆముదం దీపాలు వెలిగించి, రామాయణ భారత కథల్ని తెల్లవార్లూ ఆడేవారు. మగవాళ్లూ ఆడవాళ్లూ గొంతులు పంచుకునేవారు. మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవారు. సినిమా వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది. తెల్లవార్లూ కూర్చునే జనం తగ్గారు. ఆట నమ్ముకుంటే పూట గడవని రోజులొచ్చాయి.

అప్పుడు ఆదుకున్నది తోలే. ఇండోనేసియాలోని జావా తోలుబొమ్మలు ప్రపంచ ప్రసిద్ధం. వాటిని దున్న తోలుతో చేస్తారు. తెరమీద ప్రధానంగా నల్లటి నీడ పడుతుంది. మన బొమ్మ అలా కాదు. మేకతోలును వేడినీళ్లలో శుభ్రంచేసి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడితే పలచగా, వెలుగు దాటేలా తయారవుతుంది. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో నగలూ అంచులూ చిల్లులు పొడిచి, రెండువైపులా రంగులు వేస్తారు. దీపం వెలుతురు ఆ రంగుల్లోంచి దూసుకొస్తుంది. తెరమీద నీడ కాదు, రంగే పడుతుంది.

వెలుగుని దాటనిచ్చే తోలు కాబట్టే అది దీపపు గూడుగా మారగలిగింది. ఒకప్పుడు బొమ్మ వెనక దీపం ఉండేది. ఇప్పుడు దీపమే బొమ్మ లోపలికొచ్చింది. టేబుల్ ల్యాంపులు, పైనుంచి వేలాడే దీపాలు, గుమ్మానికి కట్టే తోరణాలు, గోడమీది చిత్రాలు... కృష్ణుడూ హనుమంతుడూ ఏనుగులూ నెమళ్లూ హాల్లోకి నడిచొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది.

కథ ఇక్కడితో సుఖాంతమేనా అంటే... పూర్తిగా కాదు. దీపం కొంటే బొమ్మ వస్తుంది, పాట రాదు. ఉలి పట్టడం నేర్చుకున్న పిల్లాడికి దాంతో సంపాదన ఉంది. రాత్రంతా నిలబడి రాముడి గొంతుతో, రావణుడి గొంతుతో పాడటం నేర్చుకుంటే ఏముంది? కొనేవారు ఉంటే చేయి నిలుస్తుంది. వినేవారు ఉంటేనే గొంతు నిలుస్తుంది. అందుకే నిమ్మలకుంట వెళ్లేవాళ్లు దీపం బేరంతో సరిపెట్టుకోకుండా 'కాసేపు ఆడి చూపిస్తారా?' అని కూడా అడగాలి. ముందుగా మాట్లాడుకుని, ఆటకు ఇవ్వాల్సింది ఇచ్చి, పిల్లల్ని ముందు కూర్చోబెడితే ఆ బొమ్మకు గొంతుందని వాళ్లకూ తెలుస్తుంది. ఇంటికెళ్లాక స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ గొంతు గుర్తొస్తుంది.

కొనేముందు...

* తోలుదీపాన్ని వెలుగుకు ఎత్తి చూడండి. అసలు తోలులో సన్నటి నరాలు, అక్కడక్కడా మందం తేడాలు కనిపిస్తాయి. అంతా ఒకే మందంగా, చిల్లులన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటే అనుమానించాలి.
* లోపల వేడెక్కని ఎల్ఈడీ బల్బే పెట్టండి. నీళ్లు తగలనివ్వకుండా పొడిగుడ్డతో తుడవాలి. ఎక్కువ ఎండలో పెడితే రంగు వెలుస్తుంది.
* ధర్మవరంలో చీర కొంటే సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ రెండూ అడగండి. మొదటిది పట్టుకు, రెండోది చేమగ్గానికి. పట్టుదారంతో మరమగ్గం మీద నేసినా అది పట్టే, కానీ నేతగాడి చెయ్యి కాదు.
* ఇత్తడి, కంచు సామాను తూకానికి అమ్ముతారు. ధర లోహానికా, పనితనం కలిపా అన్నది ముందే తేల్చుకోవాలి.
* రోలు, రాచ్చిప్ప యాత్ర చివర్లోనే కొనండి. మొదట్లోనే కొంటే మోత మీదే!

బెంగళూరు నుంచి హిందూపురం సుమారు వంద కిలోమీటర్లు. అక్కణ్నుంచి పెనుకొండ, ధర్మవరం ఒకదాని తర్వాత ఒకటి గంట గంట దూరంలో వస్తాయి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోనే ఈ మూడూ ఉన్నాయి. లేపాక్షిని తెల్లవారుజామున చూసి బయల్దేరితే చీకటి పడేలోగా నిమ్మలకుంట చేరొచ్చు. చీకటి పడితే మరీ మంచిది... తోలుదీపం అందం తెలిసేది అప్పుడే కదా!