ఒంటరి అడవి కాఫీ

బల్లార్‌పూర్ అనగానే కాగితపు మిల్లు, కాగితపు మిల్లు అనగానే వెదురు గుర్తుకు వస్తాయి. చంద్రపూర్ అడవులలో ఒకచోట వెదురు పొదలు ఎండిపోయినా మరొకచోట వెదురు ఉంటుంది. చుట్టూ సముద్రమున్న చిన్న దీవిలో మాత్రమే పెరిగే మొక్కకు ఆ వీలు లేదు. అక్కడ నశించిందంటే లోకంలోనే నశించినట్లు.

హిందూ మహాసముద్రంలోని మారిషస్ దేశంలో తెలుగువారున్నారు. వారి పూర్వులు పందొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళినవారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం కూడా! ఆ దేశానికి చెందినదే రోడ్రిగ్స్ దీవి. వైశాల్యం సుమారు 108 చదరపు కిలోమీటర్లు.

ఒకప్పుడు అక్కడ మేకలు లేవు, పెద్ద తాబేళ్ళుండేవి. మనుషులు స్థిరపడ్డాక తాబేళ్ళు అంతరించాయి, అడవి తరిగింది, మేకలు మొలకలను మేశాయి. అప్పుడు కనుమరుగైన వాటిలో ‘కాఫే మారోన్’ ఒకటి. అంటే అడవి కాఫీ. తెల్లని నక్షత్రాల వంటి పూలు పూసే ఈ చిన్న చెట్టు ఇక లేదనే శాస్త్రజ్ఞులు తలచారు.

1980 ప్రాంతంలో ఒక ఉపాధ్యాయుడు అక్కడి అరుదైన మొక్కల బొమ్మలను తరగతిలో చూపించాడు. ఒక విద్యార్థి అటువంటి చెట్టును తాను చూశానని చెప్పి, కొమ్మ తెచ్చి ఇచ్చాడు. అది కాఫే మారోనే! లోకం మొత్తంలో మిగిలినది ఆ ఒక్కటే.

సంగతి తెలియగానే, మందుకు పనికివస్తుందని కొందరు కొమ్మలు విరుచుకుపోసాగారు. కంచె వేశారు. అది చాలక మరో కంచె వేశారు. కంచె చెట్టును కాపాడింది గాని జాతిని కాపాడలేదు. పూలు పూసేవి, కాయ నిలిచేది కాదు.

1986లో కొన్ని కొమ్మలను విమానంలో లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి పంపారు. ఒకటి వేరు పట్టింది. దాని నుండి మరికొన్ని మొక్కలు చేశారు. అయితే అవన్నీ ఆ ఒక్క చెట్టు ముక్కలే. వాటికీ విత్తనాలు రాలేదు. పువ్వులో పుప్పొడిని అందుకొనే కొనను కీలాగ్రం అంటారు. పుప్పొడి అక్కడే ఆగిపోతున్నది. కార్లోస్ మాగ్డలేనా అనే ఉద్యానవేత్త కీలాగ్రాన్ని కోసివేసి, కోసినచోట పుప్పొడి ఉంచాడు. ఎన్నో పూలు వృథా అయ్యాక, 2003లో కాయ నిలిచింది.

విత్తనాలు మొలిచాక మరో వింత కనిపించింది. లేత మొక్కల ఆకులు సన్నగా, ఎండుటాకుల రంగులో ఉన్నాయి. తాబేళ్ళ కంటబడకుండా వేసుకొన్న వేషమిదని శాస్త్రజ్ఞుల ఊహ. ఎదిగిన తరువాత ఆకులు వెడల్పై పచ్చబడతాయి. తాబేళ్ళు పోయినా వేషం పోలేదు. మేకల ముందు మాత్రం ఆ వేషం సాగదు. అందుకే క్యూ నుండి రోడ్రిగ్స్‌కు తిరిగి వచ్చిన మొక్కలకూ కంచె కావలసి వచ్చింది.