నలుపులోంచి తేనె మెరుపు!

కుదుళ్ల దగ్గర నలుపు... సగానికి వచ్చేసరికి కాఫీ రంగు... చివర్లలో తేనె మెరుపు! ఎక్కడ మారిందో తెలియకుండా ఒక రంగు మరో రంగులో కలిసిపోతే ఆ అందమే వేరు. అందుకే పార్లర్‌కి వెళ్లి ఫోన్లో ఫొటో చూపించి ‘నాకూ ఇలాగే కావాలి’ అంటుంటారు అమ్మాయిలు. అయితే ఈ మెరుపు తెప్పించడానికి పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటిలో మీకు నప్పేదేదో తేల్చుకోవాలంటే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఇన్నాళ్లూ మీ జుట్టుకి ఏమేం రాశారు? పార్లర్‌కి ఎన్నాళ్లకోసారి వెళ్లగలరు?

ఏది ఎలా?

ఆంబ్రే: పై సగాన్ని అలాగే వదిలేసి, కింది సగాన్ని పూర్తిగా లేత రంగులోకి మారుస్తారు. జుట్టు విరబోసుకుంటే బాగుంటుంది. జడ వేస్తే మాత్రం పైన నలుపు, కింద బంగారం... రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

బాలయాజ్: ఫ్రెంచిలో ఊడ్వడమని అర్థం. 1970ల్లో పారిస్ సెలూన్లలో మొదలైంది. ఎంచుకున్న పాయల మీద బ్రష్‌తో, చేత్తోనే పైపైన పూస్తారు. కుదుళ్ల దగ్గర పలచగా, చివర్లలో చిక్కగా. జడ అల్లినా మధ్యమధ్యలో మెరుపులు తొంగిచూస్తాయి.

ఫాయిల్ హైలైట్స్: సన్నని పాయలు తీసి, బ్లీచ్ రాసి అల్యూమినియం రేకులో చుడతారు. బ్లీచ్ ఆరిపోదు కాబట్టి జుట్టు ఎక్కువ లేతబడుతుంది. కానీ రంగు కుదుళ్ల దగ్గర్నుంచే మొదలవడంతో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పాపిట దగ్గర నల్లగీత కనిపిస్తుంది.

ఫాయిలాజ్: బాలయాజ్‌లా చేత్తో పూసి, తర్వాత రేకు చుడతారు. బాగా నల్లని జుట్టుకి ఇది అక్కరకొస్తుంది.

వేయడానికి ముందు తీయాలి!

నల్లని జుట్టు మీద తేనె రంగు పూసినంత మాత్రాన కనిపించదు. ముందు బ్లీచ్‌తో వెంట్రుకలోని మెలనిన్‌ని తగ్గించాలి. అప్పుడు నలుపు కాస్తా ఎర్రటి గోధుమ, నారింజ, పసుపు... ఇలా వరుసగా మారుతుంది. ఆ తర్వాతే కోరుకున్న ఛాయ కోసం టోనర్ వేస్తారు. ఒక్కరోజులోనే పసుపు దాకా లాగాలని చూస్తే వెంట్రుకలు పెళుసుబారి తెగిపోతాయి. అందుకే మొదటిసారి కాఫీ, క్యారమెల్ ఛాయలతో సరిపెట్టుకోవడం మంచిది. ఇంకా లేత రంగు కావాలంటే కొన్ని వారాలు ఆగి రెండోసారి వేయించుకోవచ్చు.

దాచకుండా చెప్పండి

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నడుము దాటిన జడ చివర వెంట్రుక వయసు నాలుగైదేళ్లకు పైనే! ఈలోగా పెట్టిన హెన్నా, వేసిన నల్లరంగు, చేయించిన స్ట్రెయిటెనింగ్... అన్నీ దాని మీదే ఉన్నాయి. హెన్నా రంగు వెంట్రుకకి గట్టిగా పట్టేస్తుంది. బ్లీచ్ చేసినా నారింజ ఛాయ ఓ పట్టాన వదలదు. కొన్ని రకాల హెన్నా పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయి. అవి బ్లీచ్‌లోని పెరాక్సైడ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి తెగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఏం వాడారో పార్లర్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి. లోపలివైపు చిన్న పాయ మీద ముందుగా పరీక్షించమనండి.

చాలా రకాల ముదురు రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. ఇది కొందరికి పడదు. దురద, దద్దుర్లు, ముఖం వాపు రావచ్చు. రంగు వేయించుకోవడానికి 48 గంటల ముందే చెవి వెనక కాస్త రాసి చూడాలి. ఇదివరకు ఎప్పుడైనా రంగు పడకపోతే చర్మవైద్యుల్ని అడగకుండా ముందుకెళ్లొద్దు.

మీకేది?

* తరచూ పార్లర్‌కి వెళ్లే తీరిక లేదా? బాలయాజ్ మేలు. మూడు నాలుగు నెలలు నిశ్చింతగా ఉండొచ్చు.
* అక్కడక్కడా తెల్లవెంట్రుకలున్నాయా? సన్నని హైలైట్స్‌లో అవి కలిసిపోతాయి.
* కొన్నాళ్లు చూసి కత్తిరించేద్దామనుకుంటున్నారా? ఆంబ్రే చాలు.
* ఏళ్ల తరబడి హెన్నా పెడుతున్నారా? కొత్త జుట్టు పెరిగి, పాతది కత్తిరించేదాకా ఆగడమే క్షేమం.

తర్వాత...

బ్లీచ్‌తో దెబ్బతిన్న వెంట్రుకని ఏ నూనే మళ్లీ మునుపటిలా చేయలేదు. అయితే తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే జుట్టులోని ప్రొటీన్ నష్టం తగ్గుతుందని 2003లో ముంబయి పరిశోధకులు గుర్తించారు. రంగు పసుపుగా మారుతుంటే ఊదా షాంపూ, నారింజగా మారుతుంటే నీలం షాంపూ అప్పుడప్పుడూ వాడొచ్చు. ఎండలోకి వెళ్లేటప్పుడు చున్నీ కప్పుకోండి.

ఇంట్లో పెళ్లుందా? ముహూర్తానికి రెండ్రోజుల ముందు పరుగెత్తకండి. కనీసం నెల ముందే వేయించుకుంటే, ఛాయ తేడా వచ్చినా సరిచేసుకునేందుకు సమయం ఉంటుంది!