బంతి భోజనమున మర్యాద

పెండ్లిలో మంత్రములు చెప్పుటకు పురోహితుడు కలడు. విస్తరి ముందు కూర్చున్నవాని చిక్కులు తీర్చుటకు మాత్ర మెవ్వరును లేరు. అట్టి చిక్కులు మూడింటిని గూర్చి నాకు తోచినది విన్నవించెదను.

మొదటిది 'వద్దు' అను మాట. బూరెల పళ్లెముతో వడ్డించువాడు వంగును. మనము మొగమాటముతో మెల్లగా 'వద్దు' అందుము. మన దేశమున ఒక్కసారి పలికిన 'వద్దు'నకు 'మరి రెండు వేయుము' అని యర్థము! కనుక నిజముగా వలదనుకొన్నవారు బూరె విస్తరిలో పడకమునుపే చేయి యడ్డము పెట్టవలెను. పడినదానిని పారవేయుటకంటె ముందుగా కొంచెము మొరటుతనమే మేలు.

రెండవది పంక్తిభేదము. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొరత లేదని సామెత. ఆ సామెతకు నేయి రెండు గరిటెలు పడినవాడు నవ్వును. ఒక్క చుక్క పడినవాడు నవ్వడు. మనవాడు మనకు మాత్రమే మారు తెచ్చినప్పుడు, 'ముందు ప్రక్కవారికి వడ్డింపుము, నాయనా' యన్నచో అతనికిని బుద్ధి చెప్పినట్లగును, మనకును పరువు దక్కును.

మూడవది లేచుట. నా యిరువదవ యేట ఒక పెండ్లిలో గబగబ తిని లేచితిని. నన్ను చూచి మరి నలుగురు లేచిరి. నా ప్రక్కన పండ్లు లేని వృద్ధు డొకరు అప్పుడే పెరుగన్నము కలుపుకొనుచుండిరి. ఒంటరిగా కూర్చుండుటకు సిగ్గుపడి, కలిపిన యన్నము విడిచి వారును లేచిరి. చేతులు కడుగుకొనుచోట, 'తాతగారూ, కడుపు నిండినదా?' అని యడిగితిని. 'నిండినది, నాయనా' అనిరి. ఆ యబద్ధము నాకొరకే యాడిరని యెరిగి తల వంచుకొంటిని. నాటినుండి నేను ముందుగా ముగించినను, మజ్జిగయన్నము పిడికెడు మిగుల్చుకొని, ప్రక్కవారు ముగించువరకు దానిని కలుపుచునే యుందును.

నేడు చాలచోట్ల బల్లలపై విస్తళ్లు వేయుచున్నారు. తరువాతి బంతివారు మన కుర్చీ వెనుకనే నిలిచి మన ముద్దలు లెక్కించుచుందురు. ఇందు తొందరపడవలసినది తినువారు కాదు, తొలగవలసినది నిలిచినవారు. ఈ మాట పిల్లలు చెప్పినచో పొగరనిపించును. మీవంటి పెద్దలు చెప్పినచో చెల్లును. కనుక ఈసారి విందులో లేచుటకు ముందు బంతినంతయు ఒకమారు కలయజూడుడు. ఎవరి చేయి యింకను విస్తరిలో నున్నదో వారే ఆ బంతికి పెద్ద.