మారాడా? మారిపోయిందా?

మొన్న పండక్కి మా ఆడపడుచు వచ్చింది. ఆఫీసులో పని ఎక్కువై ఈసారి అరిసెలు బయట కొనేశాను. ఒకటి తుంచి నోట్లో వేసుకుంటూనే "వదినా, నువ్వు చాలా మారిపోయావ్" అంది. అదే సమయానికి మా అత్తయ్య "అల్లుడుగారు ఎంత మారారో! తన కాఫీ తనే కలుపుకుంటున్నారట" అని మురిసిపోతున్నారు. మాట ఒకటే. ఆయనకేమో కితాబు, నాకేమో చురక!

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ ఆలోచించాను. తేడా అంతా ఆ చివర చేరిన 'పోవడం'లో ఉందనిపించింది. పాలు విరిగిపోయాయి, కూర మాడిపోయింది, కోడలు మారిపోయింది... అన్ని పోవడాలూ నష్టం కాదు లెండి, సంబంధం కుదిరిపోయిందని సంతోషంగానే అంటాం. తాగుడు మానేసిన మగవాణ్ణి "పూర్తిగా మారిపోయాడు" అని మెచ్చుకోవడమూ విన్నాను. ఒక ఆడమనిషి గురించి ఆ మాట మెచ్చుకోలుగా అనగా మాత్రం నేనింతవరకూ వినలేదు. మీరు విన్నారా?

నిజానికి 'మారు' మన వంటింటి మాట. మారు వడ్డిస్తాం. మారు తాళంచెవి పక్కింట్లో ఉంచుతాం. ఊరెళ్లొచ్చిన పిల్లాడికి జలుబు చేస్తే "నీళ్లు మారాయి" అంటాం. ఇలాంటి మాటల్లో నాకు ఎప్పుడూ ఒళ్లు జలదరించేది 'కుండమార్పిడి'. మీ పిల్లను మా వాడికివ్వండి, మా పిల్లను మీ వాడికిస్తాం అనే పద్ధతి. కట్నం బాధ తప్పేది, నిజమే. కానీ ఈ ఇంట్లో కోడల్ని ఒక మాటంటే ఆ ఇంట్లో కోడలికి రెండు పడేవి. పేరుకే కుండ, చేతులు మారింది ఆడపిల్లలు!

మారుమనువు సంగతి వేరు. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. అదొక పెద్ద సంచలనం. కొన్ని కులాల్లో మాత్రం మారుమనువు అంతకు ముందునుంచే మామూలు ఆచారం.

ఇక పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవడం... అలా మార్చుకుని తీరాలని చట్టమేమీ లేదు. అయినా చాలామందిమి అడక్కుండానే మార్చేసుకుంటాం.

ఈ మాట నాకు బాగా గుచ్చుకున్నది 2016లో. నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని టీవీలో చెప్పారు. తెల్లారేసరికి తెనాలి నుంచి అమ్మ ఫోను. "ఒకసారి రావే, పనుంది" అంది గొంతు తగ్గించి. వెళితే, బియ్యం డబ్బా అడుగునుంచీ పాత పట్టుచీర మడతల్లోంచీ నోట్లు తీసి మంచం మీద పేర్చింది. 31,500 రూపాయలు! పాల లెక్కలో మిగిల్చినవి, పండగలకు మామయ్యలు చేతిలో పెట్టినవి.

బ్యాంకులో మొదట మనిషికి 4,000 దాకా మార్చారు. తర్వాత 4,500 అన్నారు, ఆనక 2,000కి తగ్గించారు, 24వ తేదీతో మార్చడమే ఆపేశారు. మిగిలినవి డిసెంబరు 30 లోగా ఖాతాలో వేసుకోవాలి. అమ్మ మోకాళ్ల నొప్పితో ఒకరోజంతా క్యూలో నిలబడి 4,000 మార్చుకుంది. మిగతావి వేద్దామంటే ఆమెకు ఖాతా ఏదీ? నాన్నకు చెప్పక తప్పలేదు.

నాన్న కేకలేయలేదు. నోట్లకేసి చాలాసేపు చూసి, "నలభై ఏళ్లుగా నా దగ్గర దాచావన్నమాట. నువ్వు మారిపోయావే" అన్నారు.

"మారింది నేను కాదండీ, నోట్లు" అంది అమ్మ.

డబ్బు నాన్న ఖాతాలోకి వెళ్లింది. వేసవిలో డాబా మరమ్మతుకు ఖర్చయింది. ఎవరూ దోచుకోలేదు, ఇంటికే వాడారు. కానీ అమ్మ వారం రోజులు సరిగా అన్నం తినలేదు. చెప్పుకోవడానికి ఫిర్యాదు లేదు, చేతిలో రూపాయీ లేదు. ఆ డబ్బుతో ఏం చేద్దామనుకున్నావని అడిగితే, "ఏం చెయ్యాలనీ కాదే... ఉందనుకుంటే ధైర్యంగా ఉండేది" అంది.

ఆ ఏడాదే అమ్మను వెంటబెట్టుకెళ్లి ఆమె పేరున ఖాతా తెరిపించాను. రెండు ఫొటోలు, ఆధార్ కార్డు, నాలుగు సంతకాలు... అరపూట పని. అది ముందే ఎందుకు చేయించలేదా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. బ్యాంకు ఉద్యోగం చేసే స్నేహితురాళ్లు నాకు ఇద్దరున్నారు కూడా!

ఇప్పుడు నెల మొదట్లో అమ్మ తనే నడిచివెళ్లి పాసుపుస్తకంలో లెక్క వేయించుకొస్తుంది. నాన్న భోజనానికి కూర్చుని "ఎంతయిందేమిటి?" అని ఆరా తీస్తారు.

"మారు వడ్డించమంటారా?" అంటుంది అమ్మ, అన్నం గిన్నె దగ్గరికి జరుపుతూ.