‘ఎందుకు?’ అని అడిగితే..!

ఎంట్రెన్స్ బిట్లయితే నిమిషానికొకటి చొప్పున పెట్టేస్తారు మన ఎంపీసీ పిల్లలు. అదే ‘ఈ సూత్రం ఎలా వచ్చింది బాబూ?’ అంటే మాత్రం నీళ్లు నములుతారు. బాన్సువాడ అయినా బంజారాహిల్స్ అయినా ఇంతే!

లెక్కలు ఇష్టమైతే ఇంజినీరింగే చదవాలని లేదు. మన నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయిన 1931లోనే కోల్‌కతాలో పుట్టింది భారతీయ గణాంక సంస్థ. అక్కడ బీస్టాట్‌కు, బెంగళూరులో బీమ్యాథ్‌కు రాతపరీక్ష గట్టెక్కినవారిని ఇంటర్వ్యూకు పిలవడం ఆ సంస్థ సంప్రదాయం. (పద్ధతులు మారుతుంటాయి, ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి.)

అక్కడ హాబీల గురించి అడుగుతారనుకుంటే పొరపాటే. చేతికి సుద్దముక్కిచ్చి లెక్క చేయమంటారు. ఉదాహరణకు, ఏదైనా సంఖ్యను ఘనం చేసి అందులోంచి అదే సంఖ్యను తీసేస్తే వచ్చేదాన్ని 6 నిశ్శేషంగా భాగిస్తుంది. ఎందుకు? అది వరసగా వచ్చే మూడు సంఖ్యల లబ్ధం కాబట్టి. వాటిలో ఒకటైనా సరిసంఖ్య ఉంటుంది, ఒకటి 3తో భాగితమవుతుంది. హమ్మయ్య అనుకునేలోపే ‘బేసిసంఖ్య తీసుకుంటే 24తోనూ పోతుందా?’ అంటారు. పోతుంది. ‘24తో పోయిందంటే అది బేసిసంఖ్యేనా?’ అని తిరగేస్తారు. కాదు, 8 తీసుకోండి: 512లోంచి 8 పోతే 504, అంటే 24 ఇరవై ఒక్కలు!

జవాబు వెంటనే తట్టకపోయినా ఫర్వాలేదు. చిన్న సంఖ్యలు వేసి చూస్తూ, ఆలోచిస్తున్నది పైకి చెప్పాలి. మౌనంగా నిలబడితే అడిగేవారు సాయం చేయాలన్నా చేయలేరు. ఈ అలవాటుకు కోచింగ్ అక్కర్లేదు. గోడకో నల్లబల్ల, ఎదురుగా తమ్ముడో చెల్లో చాలు. రోజుకో సిద్ధాంతం... రూట్ 2 కరణీయ సంఖ్య ఎందుకైంది, ప్రధాన సంఖ్యలు ఎందుకు అయిపోవు... వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. వాళ్లు ‘అదెలా?’ అన్నచోటే మీ లోపం దొరుకుతుంది.

తెలుగువాడైన సి.ఆర్.రావు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేసి, సైనిక సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇవ్వడానికి కలకత్తా వెళ్లారు. ఆ కొలువు రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా గణాంక సంస్థ సంగతి తెలిసి, 1941లో అందులో చేరారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నారు.

తెలుగు మీడియం వారు ముందే చేసుకోవాల్సిన పని ఒకటుంది. ప్రమేయం అంటే ఫంక్షన్, అవధి అంటే లిమిట్, అవకలజం అంటే డెరివేటివ్... ఇలా ఓ నోటుబుక్కులో జంటలుగా రాసుకుని, లెక్క చేసేటప్పుడు రెండూ పలుకుతుండాలి.